అమెరికా నుంచి బరంపురం వచ్చి స్థిరపడినవాళ్ల పన్నులు: అపోహలు - వాస్తవాలు

బరంపురంలో పన్ను లెక్కలు రాయడం మొదలుపెట్టి నాకు ఇరవై రెండేళ్లు. మొదట్లో వచ్చేవాళ్లంతా పట్టు వ్యాపారులు, బియ్యం మిల్లులవాళ్లు, రిటైరైన రైల్వే ఉద్యోగులు. కొన్నేళ్లుగా ఇంకో రకం వాళ్లు కూడా వస్తున్నారు. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఇటువైపు ఉండిపోయిన తెలుగు ఇళ్లలో పుట్టి, ఇక్కడే చదివి, అమెరికా వెళ్లి ముప్ఫయ్యేళ్లు ఉద్యోగం చేసి, ఆ దేశ పౌరులై, ఇప్పుడు బరంపురానికో పర్లాకిమిడికో గుణుపురానికో తిరిగొచ్చినవాళ్లు. చేతిలో అమెరికా పాస్‌పోర్టు, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వమిచ్చే ఓసీఐ కార్డు. పింఛను డాలర్లలో వస్తుంది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు రూపాయల్లో కడతారు.

వీళ్లలో ఎవరూ పన్ను ఎగ్గొట్టాలనుకునేవాళ్లు కాదు. ఎవరో చెప్పిన సగం మాట నమ్మి నష్టపోతున్నారు. అది చూసే ఇది రాస్తున్నాను.

అపోహ: "అమెరికా వదిలి వచ్చేశాం. ఇంక అక్కడ రిటర్న్ ఎందుకు?"

అమెరికా పన్ను వేసేది పౌరసత్వాన్ని బట్టి. గోపాల్‌పూర్ ఒడ్డున ఇల్లు కట్టుకుని ఉన్నా, పాస్‌పోర్టు వాళ్లదైతే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా వాళ్లకు చూపాలి. ఆదాయం వాళ్ల పరిమితి దాటితే రిటర్న్ వెయ్యాలి. విదేశంలో ఉన్నవాళ్లకు గడువు ఏప్రిల్ 15 బదులు జూన్ 15 దాకా దానంతటదే పొడిగిపోతుంది. కట్టాల్సిన పన్ను ఉంటే మాత్రం వడ్డీ ఏప్రిల్ 15 నుంచే మొదలు.

గ్రీన్‌కార్డుతో వచ్చేసినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. కార్డు బీరువాలో పెట్టి మర్చిపోతే చాలదు. ఐ-407 ఫారం ఇచ్చి వదులుకునేదాకా పన్ను విషయంలో అక్కడి నివాసులే. అయితే గడిచిన 15 ఏళ్లలో 8 ఏళ్లు కార్డు ఉన్నవాళ్లు ఆ ఫారం మీద సంతకం పెట్టే ముందు ఎవరినైనా అడగండి. దేశం విడిచేవాళ్లకు వేసే పన్ను వర్తిస్తుందేమో అప్పుడే చూసుకోవాలి.

"విదేశంలో ఉన్నవాళ్లకు లక్షా ముప్ఫై వేల డాలర్ల దాకా మినహాయింపు ఉందట కదా!" అంటారు. ఉంది. 2025కి అంకె అదే. కానీ అది జీతానికి, పనిచేసి సంపాదించినదానికి. పింఛనుకూ వడ్డీకీ అది వర్తించదు.

అపోహ: "ఓసీఐ కార్డు ఉంది కాబట్టి నేను ఎన్ఆర్ఐని. ఇండియాలో నాకు పన్ను లేదు."

నేను ఎక్కువ సమయం పెట్టేది దీని మీదే. మన ఆదాయపు పన్ను చట్టం కార్డును చూడదు, రోజులను లెక్కపెడుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి లోపల 182 రోజులు ఇక్కడుంటే మీరు ఇక్కడి నివాసి. మన దేశంలో వచ్చే ఆదాయం 15 లక్షలు దాటి, అంతకు ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపి ఉంటే, చూసిపోదామని వచ్చినవాళ్లకు కూడా 120 రోజులే హద్దు. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి జాతర చూసి వెళ్తామని చైత్రంలో వచ్చి, మనవళ్ల సెలవులని, మోకాలి ఆపరేషనని దసరా దాకా ఉండిపోయినవాళ్లు తెలియకుండానే నివాసులైపోయారు.

నివాసి అయ్యారంటే వెంటనే ప్రపంచ ఆదాయమంతా ఇక్కడ పన్నుకు వస్తుందని భయపడక్కర్లేదు. మధ్యలో ఇంకో మెట్టు ఉంది. చాలా ఏళ్లు బయట ఉండి వచ్చినవాళ్లను 'నివాసే గాని సాధారణ నివాసి కాదు' అంటుంది చట్టం. మేం ఆర్ఎన్ఓఆర్ అంటాం. ఆ హోదా ఉన్నంతకాలం అమెరికా వడ్డీ, డివిడెండ్లు, షేర్ల లాభాలు ఇక్కడ పన్నుకు రావు. దానికి రెండు పరీక్షలున్నాయి, ఒకదానిలో నెగ్గినా చాలు. వెనకటి పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్-రెసిడెంటై ఉండాలి. లేదా వెనకటి ఏడేళ్లలో ఇక్కడ ఉన్న రోజులు 729 దాటకూడదు.

లెక్క వేసి చూపిస్తాను. ఒకాయన 1990ల్లో వెళ్లి, 2024 ఆగస్టు 20న శాశ్వతంగా వచ్చేశారనుకోండి. మార్చి 31కి 224 రోజులు. 2024-25లో ఆర్ఎన్ఓఆర్. 2025-26లో కూడా, ఎందుకంటే వెనకటి పదేళ్లలో తొమ్మిది ఇంకా బయటివే. 2026-27కి వచ్చేసరికి ఆ పరీక్ష పోతుంది. రెండోది చూడాలి. 224, 365 కలిపితే 589. ఇంకా 140 రోజులే మిగిలాయి. 2019 ఏప్రిల్ నుంచి 2024 మార్చి దాకా అయిదేళ్లలో అమ్మను చూడ్డానికి వచ్చిన రోజులన్నీ కలిపి 140 లోపు ఉంటే మూడో ఏడు కూడా దక్కుతుంది. ఏడాదికి 28 రోజుల చొప్పున వచ్చి ఉంటే సరిగ్గా 140. ఏడాదికి 30 రోజులుండి ఉంటే 150 అవుతుంది, మూడో ఏడు పోతుంది.

అదే మనిషి ఆగస్టులో కాక అక్టోబరు 2న దిగి ఉంటే? మార్చి 31కి 181 రోజులే. అంతకుముందు నాలుగేళ్లలో 365 రోజులు ఇక్కడ లేకపోతే ఆ ఏడు నాన్-రెసిడెంటే. తర్వాతి రెండేళ్లూ ఆర్ఎన్ఓఆర్. 2026-27 దాకా నిశ్చింత, పాత రాకపోకలు లెక్కపెట్టే పనే లేదు. అందుకే టికెట్ కొనే ముందు ఫోన్ చెయ్యమంటాను. సామాన్లు దించాక వస్తే నేను చెయ్యగలిగేది తక్కువ. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారినా ఈ రోజుల లెక్క మారలేదు.

అపోహ: "సోషల్ సెక్యూరిటీ పింఛనుకు రెండు చోట్లా పన్ను కట్టాలి."

కాదు. 1989లో కుదిరిన భారత-అమెరికా పన్నుల ఒప్పందం ఇరవయ్యో అధికరణం స్పష్టంగా చెప్పింది: సోషల్ సెక్యూరిటీ మీద పన్ను వేసే హక్కు ఇచ్చే దేశానికే. అంటే అమెరికాకే. అమెరికా పౌరులకు అక్కడ కూడా దానిలో పన్నుకు వచ్చేది గరిష్ఠంగా 85 శాతమే.

పర్లాకిమిడి నుంచి ఒక పెద్దాయన వచ్చారు. టీచరుగా చేసి వచ్చిన మనిషి, ప్రతి కాగితం వరసగా పిన్ను పెట్టి ఉంచుకున్నారు. ఆయన రిటర్న్ రాసినవాళ్లు రెండేళ్లు ఆ పింఛనంతా ఇక్కడి ఆదాయంలో కలిపేశారు. "చట్టం అంతే అన్నారు బాబూ, కట్టేశాను" అన్నారు. ఒక ఏడాదిది సవరించగలిగాం, రిఫండు వచ్చింది. ముందు ఏడాదికి గడువు దాటిపోయింది. ఆ డబ్బు తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

అయితే అమెరికాలో రిటైర్మెంటు కోసం దాచుకునే 401కె, ఐఆర్ఏ ఖాతాలకు ఈ రక్షణ లేదు. సాధారణ నివాసి అయ్యాక అవి ఇక్కడి లెక్కలోకి వస్తాయి. ఇక్కడో పెద్ద ఇబ్బంది ఉండేది. ఖాతాలో ఏటా పెరిగిన మొత్తం మీద ఇక్కడ పన్ను అడిగేవారు, అమెరికా మాత్రం తీసినప్పుడు అడిగేది. ఏళ్లు వేరవడంతో అక్కడ కట్టినదాన్ని ఇక్కడ తగ్గించుకోవడం కుదిరేది కాదు. 1961 చట్టంలో 89ఏ సెక్షన్ చేర్చి దీన్ని సరిచేశారు. అమెరికా, బ్రిటన్, కెనడా ఖాతాలకు, తీసిన ఏడాదే ఇక్కడ కూడా పన్ను. కానీ అది అడిగితేనే వస్తుంది. ఆ చట్టం కింద రిటర్న్ గడువులోపు ఫారం 10-ఈఈ వెయ్యాలి. ఒకసారి ఎంచుకుంటే వెనక్కి తీసుకోవడం లేదు.

అపోహ: "ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఎప్పటికీ పన్ను లేదు."

ఎన్ఆర్ఈ అంటే బయట ఉంటున్నవాళ్లు ఇక్కడి బ్యాంకులో పెట్టుకునే రూపాయి ఖాతా. ఆ మినహాయింపు విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం బయట ఉంటున్నవాళ్లకు. స్థిరపడడానికి వచ్చారంటే బ్యాంకుకు చెప్పి ఖాతా మార్పించాలి. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్ఎఫ్‌సీ ఖాతా ఉంది. ఆర్ఎన్ఓఆర్ ఉన్నంతకాలం దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు. ఇక అమెరికా పౌరులకు ఎన్ఆర్ఈ వడ్డీ అక్కడ మొదటి రోజు నుంచీ పన్నుకు వచ్చేదే.

అపోహ: "పొలం కౌలు మీద ఎక్కడా పన్ను లేదు. పన్నెండు లక్షల దాకా మిగతాదానికీ లేదు."

ఇక్కడ లేదు, నిజమే. ఛత్రపురం దగ్గర కొబ్బరి తోట కౌలైనా, నాన్నగారి పల్లం మీద వచ్చేదైనా మన చట్టంలో వ్యవసాయాదాయమే. కొత్త విధానంలో నివాసులకు 12 లక్షల దాకా రిబేటు కూడా ఉంది. కానీ అమెరికాకు ఈ రెండూ పట్టవు. అక్కడ పన్ను తగ్గించుకోవాలంటే ఇక్కడ కట్టిన పన్ను చూపాలి. ఇక్కడ కట్టింది సున్నా అయితే తగ్గించుకునేది కూడా సున్నాయే. ఫిక్స్‌డ్ డిపాజిట్లు పోగేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

మ్యూచువల్ ఫండ్ల సంగతి ఒక్క మాటలో: అమెరికా పౌరులు మన ఫండ్లు కొనకపోవడమే మేలు. వాళ్ల చట్టంలో ఇవి వేరే జాతి. ప్రతి ఫండుకూ ఫారం 8621, కఠినమైన లెక్క. లాభం కంటే లెక్క రాసే ఖర్చే ఎక్కువైన వాళ్లను చూశాను.

అపోహ: "ఇక్కడి బ్యాంకు ఖాతాలు అమెరికాకు ఎలా తెలుస్తాయి?"

2015 జులైలో రెండు దేశాలూ ఖాతాల వివరాలు ఇచ్చిపుచ్చుకునే ఫాట్కా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. మీరు బ్యాంకులో నింపిన ప్రకటన కాగితం ఆధారంగా వివరాలు వెళ్తాయి. దానికి తోడు ఎఫ్‌బార్ మీరే వెయ్యాలి. అది విదేశీ ఖాతాల వివరాలు అమెరికాకు చెప్పే ఫారం. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే చాలు. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు. అమ్మ ఖాతాలో సౌకర్యానికి రెండో పేరుగా ఉన్నదీ, అన్నయ్య డిపాజిట్ మీద సంతకం పెట్టే హక్కున్నదీ ఇందులోకి వస్తాయి. దీన్ని చెప్పగానే అందరూ ఉలిక్కిపడతారు.

ఇటువైపు కూడా ఇలాంటిదే ఉంది. సాధారణ నివాసి అయిన ఏడాది నుంచి విదేశీ ఆస్తులన్నీ రిటర్న్‌లోని ఎఫ్ఏ షెడ్యూలులో చూపాలి. ఆదాయం రాకపోయినా సరే. నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షల రూపాయలు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాకుండా మిగతావి మొత్తం 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా లేదు. ఆ షెడ్యూలు జనవరి నుంచి డిసెంబరు లెక్కన నింపాలి, మిగతా రిటర్నంతా ఏప్రిల్ నుంచి మార్చి. ఏళ్లు కలిపేసి తప్పు రాసినవాళ్లే ఎక్కువ.

ఆలస్యమైందని వదిలెయ్యకండి. పోయినేడు ఒకావిడ వచ్చారు. భర్త పోయి ఏడాది. ఖాతాలన్నీ ఆయనే చూసేవారు, ఎఫ్‌బార్ అనే మాటే ఆవిడ వినలేదు. తెలియక జరిగిన తప్పుకు అమెరికా పన్ను శాఖ దారి పెట్టింది. విదేశంలో ఉంటున్నవాళ్లు మూడేళ్ల రిటర్న్‌లు, ఆరేళ్ల ఎఫ్‌బార్లు వేసి, ఎందుకు తప్పిందో నిజం రాసిస్తే జరిమానా లేదు. "ఆరేళ్లవి ఎక్కడినుంచి తేను నాయనా?" అన్నారు. పాస్‌బుక్కులుంటే చాలమ్మా, ఒక్కో ఖాతాలో ఏడాదికి అన్నిటికంటే ఎక్కువ నిల్వ ఎంతో రాసుకు రండి అన్నాను. వారం తర్వాత ఆవిడ రూళ్ల నోటుబుక్కులో నాలుగు ఖాతాలకు ఆరేసి వరసలు గీసి, పెన్సిల్‌తో అంకెలు వేసి తెచ్చారు. ఇరవై నాలుగు అంకెల్లో ఒక్కటే తప్పు.