"రైమ్సే కదా మేడమ్, సినిమాలు కాదు" – పిల్లల టీవీ గురించి అపోహలు, వాస్తవాలు

నాది స్పీచ్ థెరపీ పని. మాటలు ఆలస్యమైన పిల్లల్ని తీసుకొచ్చే ఇళ్లలో దాదాపు అందరూ పై మాటే అంటారు.

అపోహ: నేర్పించే వీడియో అయితే ఏ వయసులోనైనా మంచిదే.

వాస్తవం: రెండేళ్లలోపు పిల్లలు తెర నుంచి నేర్చుకునేది చాలా తక్కువ. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు మాండరిన్ (చైనా వాళ్ల భాష) వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ శబ్దాల తేడా పట్టుకున్నారు, అదే టీవీలో చూసినవాళ్లకు ఏమీ ఎక్కలేదు. 2010లో జూడీ డిలోచ్ అనే మరో పరిశోధకురాలి బృందం ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలకు మాటలు నేర్పే డీవీడీ నెల రోజులు ఇచ్చి చూస్తే, అసలు చూడని పిల్లల కంటే వీళ్లేమీ ఎక్కువ నేర్చుకోలేదు. వీడియో లేకుండా అమ్మానాన్నలు నేర్పిన పిల్లలే ముందున్నారు. ఇంకో తమాషా, ఆ డీవీడీ బాగా నచ్చిన తల్లిదండ్రులకే తమ బిడ్డ బోలెడు నేర్చుకున్నట్టు అనిపించిందట!

అపోహ: అయితే టీవీ మొత్తం దండగ.

వాస్తవం: ఇదీ తప్పే. అమెరికాలో 1969లో మొదలైన సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమాన్ని మూడు నుంచి ఐదేళ్ల పిల్లల కోసం పరిశోధకుల్ని పక్కన పెట్టుకుని తయారు చేశారు. అప్పట్లో దాని సిగ్నల్ బాగా అందిన ప్రాంతాల పిల్లలు బడిలో వెనకబడకుండా వయసుకు తగ్గ తరగతిలో ఉండే అవకాశం ఎక్కువని తర్వాత ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అంటే వయసు ముఖ్యం, కార్యక్రమం ముఖ్యం, పక్కన కూర్చునే మనిషి ఇంకా ముఖ్యం. తెర మీద రంగులన్నీ ఇంగ్లీషులో గడగడా చెప్పే పిల్లాణ్ణి "ఆ ఎర్ర గిన్నె తీసుకురా నాన్నా" అంటే తెల్లమొహం వేయడం మాకు కొత్త కాదు. చూసిందాన్ని ఇంట్లో వస్తువుతో కలిపి అడగండి. (అన్నం తినిపించడానికి పెట్టేది మాత్రం చదువు లెక్కలోకి రాదు.)

అపోహ: ఒకే ఎపిసోడ్ మళ్లీ మళ్లీ చూస్తే బుర్ర మొద్దుబారుతుంది.

వాస్తవం: లేదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు మళ్లీ చూస్తేనే బాగా అర్థమవుతుంది. విసుగు మనకే.

అపోహ: సీరియల్ మాకోసం, వాడు బొమ్మలతో ఆడుకుంటున్నాడు కదా.

వాస్తవం: వాడు చూడకపోయినా ఆట మాటిమాటికీ తెగిపోతుంది, మీరూ వాడితో తక్కువ మాట్లాడతారు.

మన దేశంలో పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో చెప్పింది ఇది: రెండేళ్లలోపు తెర వద్దు, బంధువులతో అప్పుడప్పుడు వీడియో కాల్ తప్ప. కాబట్టి అమెరికాలో ఉన్న మనవరాలితో అమ్మమ్మ మాట్లాడొచ్చు, టెన్షన్ వద్దు. రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకు గంట మించకూడదు.

ఇంకొకటి. రెండేళ్లు నిండినా రెండు పదాలు కలిపి మాట్లాడకపోతే "టీవీ వల్లేలే, ఆపేస్తే అదే వస్తుంది" అనుకుని ఆగిపోకండి, టీవీ ఆపి ముందు వినికిడి పరీక్ష చేయించండి.