సంఘ సేవా పరిచర్య: అపోహలు - వాస్తవాలు

గుంటూరు జిల్లాలోని ఒక లూథరన్ సంఘంలో సేవా కమిటీ పనిని పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. ఇది జీతం లేని పని. ఆదివారం ఆరాధన ముగిశాక చర్చి వరండాలో నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చునే చిన్న కమిటీ మాది. వైద్య శిబిరాలు, వరద సాయం, పిల్లలకు సాయంకాలపు ట్యూషన్, గల్ఫ్ దేశాలలో ఉన్నవారి కుటుంబాలకు కాగితాల విషయంలో తోడ్పాటు మా పనులు. వీటి గురించి సంఘం వెలుపలి వారికి కొన్ని అపోహలు ఉన్నాయి. సంఘం లోపలి వారికి అంతకన్నా ఎక్కువ ఉన్నాయి, నష్టం కూడా వాటివల్లే ఎక్కువ జరుగుతోంది. అందుచేత ఒకదాన్ని మినహాయిస్తే ఇక్కడ చెప్పబోయేవన్నీ మావాళ్ల అపోహలే.

అపోహ: చర్చివాళ్లు బియ్యం ఇచ్చారంటే, వెనకాలే బాప్తిస్మం ఉంటుంది.

వాస్తవం: ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. సాయం చేసే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉన్నంతకాలం ఏ మతం వారు చేసే సేవపైనైనా ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. దీనికి మన నేలమీద పాత ఉదాహరణ ఒకటి ఉంది. ధాత సంవత్సరంలో (1876లో) మొదలై 1878 దాకా సాగిన మహా కరువులో, ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలిపని కల్పించాడు. చేరతామని ఎందరు వచ్చి అడిగినా, కరువు పని నడిచినంతకాలం ఆయన బాప్తిస్మం ఇవ్వకుండా ఆపివేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదన్నది ఆయన భయం. సాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులోనే 2,222 మంది బాప్తిస్మం పొందారు. కరువులో ఆదుకున్న చేతిని మరువలేకే వారు వచ్చారని వాదించేవారు ఉన్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉందనే నేనూ అనుకుంటాను. అయినప్పటికీ, సాయానికీ బాప్తిస్మానికీ మధ్య ఎడం ఉండాలని నూట నలభై ఏళ్ల క్రితమే ఒకరు గుర్తించి పాటించారన్నది మా కమిటీకి నేటికీ పనికివచ్చే సంగతి.

చట్టం విషయానికి వస్తే, రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కును ఇచ్చింది. అయితే ఆ హక్కులో ఎదుటివారిని మతం మార్చే హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. తిరుమల వంటి నోటిఫై చేసిన క్షేత్రాలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం కూడా ఉంది. ఇక మతం మారితే లాభాలు ఉంటాయన్న మాట దళితుల విషయంలో తలకిందులైనది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవారు షెడ్యూల్డు కులాల హోదాను కోల్పోతారు, మన రాష్ట్రంలో వారు వెనుకబడిన తరగతులలోని సీ విభాగం (బీసీ-సీ) కిందికి వస్తారు.

మేము పాటించే నియమాలు మూడు. శిబిరంలో కరపత్రాలు పంచము. పేర్లు రాసుకునే రిజిస్టరులో మతం గడి ఉండదు. ఎవరైనా తమంతట తాము ప్రార్థన చేయమంటే, మందులిచ్చే బల్ల దగ్గర కాకుండా పక్కకు వెళ్లి చేస్తాము. మూడో నియమం మీద మా పాస్టరుగారితోనే రెండు నెలలు వాదించవలసి వచ్చింది.

అపోహ: మన మేనల్లుడు అమెరికాలో ఉన్నాడు, వాడు పంపే డబ్బు విదేశీ డబ్బు ఎలా అవుతుంది?

వాస్తవం: సంఘ ట్రెజరర్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే. డబ్బు ఏ దేశం నుంచి వచ్చిందన్నదానికంటే, పంపినవారి పౌరసత్వం ఏమిటన్నది ముఖ్యం. మేనల్లుడి దగ్గర ఇప్పటికీ భారతీయ పాస్‌పోర్టే ఉండి, తన సంపాదనను మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అతడు అమెరికా పౌరసత్వం తీసుకుని, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నంతమాత్రాన భారతీయుడినేనని అనుకుని పంపితే మాత్రం, 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అది విదేశీ విరాళమే. ఒక్క వెయ్యి రూపాయలైనా అంతే. వస్తువులకూ ఇదే వర్తిస్తుంది. సూట్‌కేసులో తెచ్చి సంఘానికి అప్పగించిన మందులు, వినికిడి యంత్రాలు కూడా లెక్కలోకి వస్తాయి.

ఈ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల ఉనికి ఉండాలి, ఆ మూడేళ్లలో తన ఆశయాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. వచ్చిన రిజిస్ట్రేషన్ అయిదేళ్లకే చెల్లుతుంది. 2020 సవరణ తరువాత విదేశీ విరాళం మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, పరిపాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. వీటన్నిటికన్నా గ్రామ సంఘాలను ఎక్కువగా తాకిన మార్పు మరొకటి ఉంది. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ ఆ డబ్బును మరో సంస్థకు, దానికి కూడా రిజిస్ట్రేషన్ ఉన్నా సరే, బదిలీ చేయడానికి వీల్లేదు. పట్నంలోని సొసైటీ తీసుకుని పల్లె సంఘాలకు పంచే పాత పద్ధతి దానితో ఆగిపోయింది. ఇది మంచికా చెడుకా అన్న చర్చ వేరు. చేసుకోవలసిన లెక్క మాత్రం మారింది. మా కమిటీ విదేశీ డబ్బు జోలికి పోకూడదని తీర్మానించుకుంది. మా చందా పట్టీలో అతి పెద్ద మొత్తం ఒక రిటైర్డు టీచరుగారిది.

పేదసంఘాలకు బయటి డబ్బు లేకపోతే పరిచర్య సాగదనేవారికి మిజోరం సంగతి చెబుతుంటాను. అక్కడి ప్రెస్బిటేరియన్ స్త్రీలు వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక పిడికెడు పక్కన తీసిపెట్టే అలవాటును 1910లో మొదలుపెట్టారు. దాన్ని వారు బుఫాయ్ థామ్ అంటారు. ఆ పిడికిళ్లన్నీ కలిసే మిజో సంఘం ఇతర రాష్ట్రాలకు పరిచారకులను పంపగలిగే స్థితికి రావడానికి తోడ్పడ్డాయి. ఈ మాట చెప్పినప్పుడల్లా మావాళ్లు తల ఊపుతారు. బియ్యం మాత్రం ఇంకా రావడం లేదు.

అపోహ: వరద వచ్చింది కాబట్టి ముందు బట్టలు మూటకట్టి పంపాలి.

వాస్తవం: 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు మేమూ బయలుదేరాము, మేమూ మూటలే తీసుకెళ్లాము. నడుం లోతు నీటిలో ఉన్న మనిషికి ఉతకని పాత చీర ఎందుకూ కొరగాదు. పంచుకోలేని మూటలు రోడ్డు పక్కన తడిసి, రెండు రోజులకు పారిశుధ్య కార్మికులకు అదనపు చెత్తగా మిగిలాయి. ఆ కుప్పలో మా సంఘం పేరు రాసిన సంచి ఒకటి నేనే చూశాను. మొదటి మూడు రోజులు అక్కడివారికి కావలసింది మంచినీళ్లు, వండిన తిండి, పసిపిల్లలకు పాలు, కొవ్వొత్తులు, ఫోన్ చార్జింగ్. వాటిని కూడా ప్రధాన రోడ్డు మీద ఉన్నవారే నాలుగుసార్లు అందుకోగా, లోపలి సందులలో, మేడల మీద ఉన్నవారికి ఒక్కసారీ అందలేదు.

నీరు తీశాక కథ మారుతుంది. ఇంటి నిండా అడుగు మందాన బురద ఉంటుంది, దాన్ని ఎత్తిపోయాలి. పారలు, చీపుళ్లు, బకెట్లు, బ్లీచింగ్ పౌడరు, చేతి తొడుగులు కావాలి, వాటికన్నా ముందు పనిచేసే చేతులు కావాలి. మా యువకులు ఇరవై ఇద్దరు రెండో వారంలో వెళ్లి, నాలుగు రోజుల్లో పదకొండు ఇళ్లు శుభ్రం చేశారు. అంతకుముందు మేము పంచిన సరుకులన్నిటికన్నా ఆ పదకొండు ఇళ్ల పనే ఉపయోగపడిందని నా అభిప్రాయం. ఆ తరువాత తడిసిపోయిన ఆధార్ కార్డులు, రేషన్ కార్డులు, పాస్‌బుక్కులకు దరఖాస్తులు రాసిపెట్టడం మరో నెల సాగింది. ఆ పనికి ఫొటోలు ఎవరూ తీయలేదు.

అపోహ: ఎంత ఎక్కువమందిని చూస్తే అంత మంచి వైద్య శిబిరం.

వాస్తవం: ఒక్క పూటలో నాలుగు వందల మందిని చూశామని చెప్పుకోవడం సులభం. ఇద్దరు డాక్టర్లు అయిదు గంటల్లో అంతమందిని చూస్తే ఒక్కొక్కరికి దక్కిన సమయం ఒకటిన్నర నిమిషం. బీపీ, షుగరు ఉన్నవారికి పదిహేను రోజుల మాత్రలిచ్చి పంపివేయడం మరీ ప్రమాదం. మాత్రలు అయిపోగానే తగ్గిపోయిందనుకుని మానేస్తారు. అందుకే ఇప్పుడు మా శిబిరం కొలతను మార్చుకున్నాము. బీపీ ఎక్కువగా కనబడినవారిలో ఎంతమంది నెల తిరిగేలోగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేయించుకున్నారన్నదే మా లెక్క. మొదటి శిబిరంలో ముప్ఫై ఎనిమిది మందికి తొమ్మిది మంది వెళ్లారు. ఒక్కొక్క వీధికి ఒక వాలంటీరును పెట్టి, తోడు వెళ్లే ఏర్పాటు చేశాక ఇరవై దాటారు. శుక్లం ఆపరేషన్లను బడిలోనో కల్యాణ మండపంలోనో చేయించే రోజులు పోయాయి, పోవడమే మంచిది. శిబిరంలో పరీక్ష చేసి, ఆపరేషన్ అవసరమైనవారిని ఆస్పత్రికి తీసుకువెళ్లి, తిరిగి ఇంట్లో దింపి, చుక్కల మందు వేయించడం వరకే వాలంటీర్ల వంతు.

గుంటూరు వారికి కుగ్లర్ ఆస్పత్రి తెలుసు. ఆనా కుగ్లర్ 1883లో ఈ ఊరికి వచ్చి, 1930లో మరణించేదాకా ఇక్కడి స్త్రీల వైద్యానికే అంకితమైన డాక్టరు. ఒక్క పూట శిబిరం నిర్వహించి ఆవిడ వారసులమని ఫ్లెక్సీ కట్టుకోవడం చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది.

అపోహ: విదేశీ బృందం వారం రోజులు వచ్చి పనిచేసి వెళితే సంఘానికి మేలు.

వాస్తవం: వచ్చే మనిషిని బట్టి, వచ్చే పనిని బట్టి ఉంటుంది. కొన్నేళ్ల క్రితం పన్నెండు మంది వచ్చి ఒక బడి గోడలకు రంగు వేసి వెళ్లారు. వారి విమానం టికెట్ల డబ్బుతో ఆ ఊరి పెయింటర్లు మండలంలోని బడులన్నిటికీ రంగు వేయగలిగేవారు. పైగా వారు వెళ్లాక ఆ ఊరి పెయింటరే వచ్చి ఒక గోడకు మళ్లీ వేశాడు. మరో ఏడాది ఒంటరిగా వచ్చిన ఒక రిటైర్డు నర్సు మాత్రం మా వాలంటీర్లకు బీపీ సరిగా చూడడం, పుండు కట్టు కట్టడం నేర్పి వెళ్లారు. ఆవిడ నేర్పినది ఇప్పటికీ వాడుతున్నాము.

వీసా సంగతి కూడా తేలికగా తీసుకోకూడదు. పర్యాటక వీసా మీద వచ్చినవారిని వేదిక ఎక్కించి ప్రసంగం చేయించడం వారికీ ఆహ్వానించిన సంఘానికీ చిక్కు తెస్తుంది. మత పరిచర్య కోసం వచ్చేవారికి మిషనరీ వీసా వేరుగా ఉంది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన దేశపు సంఘ నాయకుడు వి.ఎస్. అజరయ్య, ఇంకా బిషప్ కాకముందే, పాశ్చాత్య సంఘాల త్యాగాలకు కృతజ్ఞత చెబుతూనే "మాకు స్నేహితులను ఇవ్వండి" అని అడిగాడు. ఆ మాట నచ్చనివారు ఆ సభలో ఉన్నారు. నేటికీ ఉన్నారు.

అపోహ: అనాథ పిల్లలకు హాస్టలు పెడితే, అంతకుమించిన సేవ లేదు.

వాస్తవం: పెట్టే ముందు చట్టం చదవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచే ప్రతి గృహమూ రిజిస్టరు కావాలి, కాకపోతే నడిపేవారికి జైలుశిక్ష లేదా జరిమానా తప్పదు. నేను చూసిన ఇలాంటి గృహాలలో పిల్లలకు చాలామందికి తల్లో తండ్రో ఉన్నారు, లేనిది ఇంట్లో తిండి ఖర్చు. ఆ ఖర్చేదో ఇంటికే ఇస్తే బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతుంది. మా ట్యూషన్ సెంటరులో ఏ వాలంటీరూ ఒక పిల్లతో గానీ పిల్లవాడితో గానీ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పెద్దల సమక్షంలో సర్దుబాటు చేసుకోవడం కుదరదు, పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం పెట్టిన విధి.

అపోహ: విదేశీ పరిచర్య అంటే దొరలు మన దగ్గరికి రావడం, మనం పుచ్చుకునేవాళ్లమే.

వాస్తవం: 1860 నుంచి మద్రాసు ఓడరేవు మీదుగా వేలాది తెలుగువారు దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందం మీద వెళ్లారు. వారిలో బాప్టిస్టులు తమకు ఒక కాపరి కావాలని స్వదేశానికి రాశారు. తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ 1903లో నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్యను పంపింది, ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటల వద్ద తెలుగు సంఘం ఏర్పడింది. అదే 1903లో తిరునెల్వేలి తమిళులు తమ సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం స్థాపించి, డోర్నకల్ ప్రాంతపు తెలుగువారి మధ్యకు మనుషులను పంపారు. ఆ సంఘం వెనుక ఉన్న అజరయ్యే 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు.

నేటి నటాల్ మాకు కువైట్. శుక్రవారం సెలవు కాబట్టి అక్కడి తెలుగు సంఘాలు ఆ రోజు కూడుకుంటాయి, వచ్చేవారిలో ఇంటి పనికి వెళ్లిన స్త్రీలు ఎక్కువ. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడం, జీతం అందకపోవడం, యజమాని ఇల్లు వదిలి పారిపోయి కల్లివల్లి (సరైన కాగితాలు లేని మనిషి) అయిపోవడం అక్కడి సంఘాలకు ప్రతి వారం ఎదురయ్యే సంగతులు. అక్కడివారు బాధితురాలిని రాయబార కార్యాలయందాకా తీసుకువెళతారు. ఇక్కడ మేము విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, కుటుంబం చేత కాగితాలు ఇప్పిస్తాము. ఆపదలో ఉన్నవారి కోసం రాయబార కార్యాలయాల వద్ద 2009 నుంచి సంక్షేమ నిధి ఉందని చాలా కుటుంబాలకు తెలియదు.

అసలు పని వెళ్లకముందే ఉంటుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో చూడాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావలసిన రకం) ఉన్న స్త్రీకి ముప్ఫై ఏళ్లు నిండకుండా ఇంటి పనికి అనుమతి రాదు. అయినా ఏజెంటు పంపుతానన్నాడంటే, విజిట్ వీసా మీద దొడ్డిదారిన పంపుతున్నాడన్నమాట. ఈ రెండు ప్రశ్నలు అడిగినందుకు ఒక ఏజెంటు మా చర్చి గేటు దగ్గరికి వచ్చి గొడవ చేశాడు. వెళ్లే ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు జిరాక్సులు, అక్కడి ఇంటి చిరునామా, ఒక బంధువు ఫోను నంబరు ఒక కవరులో పెట్టి చర్చి బీరువాలో దాస్తాము. ఇప్పుడు అందులో నలభై ఒక్క కవర్లు ఉన్నాయి. తిరిగి వచ్చినవారు తమ కవరు తామే తీసుకువెళతారు.