సైకిల్ టైరు మన్నిక: పెన్‌గంగ రెండు ఒడ్డుల్లోనూ వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

పెన్‌గంగకు ఇవతల తెలంగాణలో ఆదిలాబాద్, జైనథ్, బేల. అవతల మహారాష్ట్రలో పాండర్‌కవడ. ఎటు వెళ్లినా సైకిల్ టైరుకు శత్రువులు అవే. చేల గట్ల మీద పల్లేరు కాయలు (అవతలి ఒడ్డున సరాటా అంటారు), 44వ జాతీయ రహదారి అంచున పడి ఉండే లారీ టైర్ల ఉక్కు తీగ ముక్కలు, వానాకాలం నల్లరేగడి, మే నెల ఎండ. టైరు కొనేవాళ్లు ఇవి చూసి కొనాలి. చాలామంది ధర చూసి, మందం నొక్కి చూసి కొంటున్నారు.

అపోహ: టైరు మీద టీపీఐ అంకె ఎంత పెద్దదైతే అంత గట్టిది.

నిజం దీనికి తలకిందులు. టీపీఐ అంటే టైరు గుడ్డలో ఒక్కో అంగుళానికి ఎన్ని దారాలున్నాయో చెప్పే లెక్క. 120 ఉన్న టైరులో దారాలు సన్నం. టైరు తేలిక, మెత్తగా పరుగెడుతుంది, కానీ రాయికి కోసుకుంటే త్వరగా చిరుగుతుంది. రోజూ బడికి, డ్యూటీకి తొక్కే సైకిలుకు 27 నుంచి 60 మధ్య ఉంటే మేలు.

ముల్లును ఆపేది నడక రబ్బరు (నేలను తాకే పై రబ్బరు) కింద ఉండే రక్షణ పొర. పల్లేరు ముల్లు పొట్టిది. రబ్బరు పొర 3 నుంచి 5 మి.మీ. మందం ఉంటే చాలాసార్లు ట్యూబు దాకా చేరదు. తుమ్మ ముల్లు పొడవు, దాన్ని ఏ పొరా పూర్తిగా ఆపలేదు. మడిచే టైరులో కెవ్లార్ (చాలా గట్టి కృత్రిమ దారం) ఉందని దుకాణంలో చెబితే, ఎక్కడ ఉందో అడగండి. టైరు అంచులో తీగ బదులు వాడిన కెవ్లార్ మడవడానికే పనికొస్తుంది, ముల్లుకు అడ్డం కాదు.

అపోహ: వారంలో మూడుసార్లు పంక్చర్ అయిందంటే టైరు పోయినట్టే.

ఎక్కువసార్లు పాత ముల్లే కొత్త ట్యూబును పొడుస్తోంది. టైరు విప్పే ముందు ట్యూబు మూతికి (గాలి కొట్టే వాల్వుకు) ఎదురుగా టైరు మీద సుద్దతో గీత పెట్టండి. ట్యూబులో గాలి నింపి నీళ్లలో ముంచి, చిల్లు మూతికి ఎన్ని జానల దూరంలో ఉందో చూడండి. టైరు మీద గీత నుంచి అంతే దూరంలో రెండు వైపులా వెతకండి.

చిల్లు ఉన్న చోటే కారణం చెబుతుంది. పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులుంటే గాలి తక్కువై రిమ్ము నొక్కేసిందని అర్థం. రిమ్ము వైపు చిల్లయితే రిమ్ టేపు జరిగింది, స్పోకు మొన తగులుతోంది. మూతి మొదట్లో చిరిగితే, గాలి తక్కువై ట్యూబు లోపల జారుతోంది. నేల వైపు సూది మొనంత చిల్లయితే ముల్లో తీగో ఉంది.

తీగను వేలితో వెతకొద్దు, కోసుకుంటుంది. పైగా వెంట్రుకంత సన్నటి ముక్క వేలికి తెలియదు. మన దగ్గర పత్తికి కరువు లేదు. ఒక దూది ఉండ తీసుకుని టైరు లోపల చుట్టూ రుద్దండి, తర్వాత ఎదురు దిశలో మరోసారి. దూది పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడే తీగ ఉంది. పట్టకారుతో బయటి నుంచి లాగాలి. టార్చితో వెతికినా కనబడని తీగ కూడా దూదికి దొరుకుతుంది.

ట్యూబులో చిల్లే లేకుండా తెల్లారేసరికి గాలి దిగుతుంటే, పాత 28 సైజు సైకిళ్లలో వాల్ ట్యూబు (మూతి లోపలి సన్న రబ్బరు గొట్టం) ఎండిపోయి ఉండవచ్చు. మూతి మీద నీటి చుక్క వేసి బుడగ వస్తుందేమో చూడండి. ఆ చిన్న రబ్బరు మారిస్తే పని అయిపోతుంది.

అపోహ: గాలి రాయిలా గట్టిగా కొట్టిస్తే టైరు ఎక్కువ కాలం వస్తుంది.

కంకర తేలిన రోడ్డు మీద అతిగా గట్టిగా ఉన్న టైరు ఎగిరెగిరి పడుతుంది, రాళ్లకు త్వరగా కోసుకుంటుంది. 70 కిలోల మనిషికి వెనక చక్రంలో 700×28 టైరుకు 75-80 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత), 700×38కి 50-55, 26×1.95కి 40 దగ్గర మొదలుపెట్టండి. ముందు చక్రానికి పదో వంతు తగ్గించవచ్చు. సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద అచ్చేసిన గరిష్ఠ అంకె మాత్రం దాటకూడదు. చలికాలం మధ్యాహ్నం 30 డిగ్రీల్లో 60 కొట్టిన గాలి, తెల్లవారుజామున 10 డిగ్రీలకు 55కు దిగుతుంది. అది పంక్చర్ కాదు. కంప్రెసర్‌తో కొట్టిస్తే ఒక్క క్షణం ఎక్కువైనా సైకిల్ టైరు రిమ్ము నుంచి ఊడి ట్యూబు పేలవచ్చు. చేతి పంపే మంచిది.

అపోహ: నున్నటి టైరు తడి తారు మీద జారుతుంది.

కారు టైరు సంగతి వేరు. సైకిల్ టైరు నీటి మీద తేలాలంటే గంటకు వంద కిలోమీటర్లు దాటాలి. గుబ్బలు పనికొచ్చేది మట్టిలో. అదీ దూరం దూరంగా ఉన్న గుబ్బలే. దగ్గరగా ఉంటే నల్లరేగడి వాటి మధ్య నిండి, మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రమే ఆగిపోతుంది.

అపోహ: 26 అంటే 26, ఏదైనా పడుతుంది.

పడదు. 26×1.95 టైరు రిమ్ము కొలత 559 మి.మీ., 26×1 3/8 టైరుది 590. పాత 28×1½ది 635, 700సీ టైరుది 622. సైడ్‌వాల్ మీద 40-635 లాంటి జంట అంకెలుంటాయి. రెండోది సరిపోతేనే డబ్బులివ్వండి.

అపోహ: రోడ్డు టైరుతోనే ఇంట్లో ట్రైనర్ తొక్కొచ్చు, నష్టం లేదు.

ట్రైనర్ అంటే సైకిలును కదలకుండా నిలబెట్టి ఇంట్లోనే తొక్కే స్టాండు. ముందు మీది ఏ రకమో చూడండి. వెనక చక్రం తీసేసి చైను నేరుగా బిగించేదైతే టైరు ప్రశ్నే లేదు. చక్రాన్ని చిన్న ఉక్కు రోలరుకు ఆనించే రకంతోనే చిక్కు. ఆ చిన్న రోలరు టైరును ఒకేచోట లోతుగా నొక్కుతుంది. రోడ్డు మీదున్నట్టు ఎదురుగాలి లేక వేడి పెరుగుతుంది. రబ్బరు నల్ల పొడిగా నేల మీద రాలుతుంది, టైరు నడుమ పలకలా చదునవుతుంది. గుబ్బల టైరైతే ఇల్లంతా మోత.

వారానికి మూడు నాలుగు రోజులు తొక్కేవాళ్లు ట్రైనర్ టైరు విడిగా కొనడమే లాభం. దాని రబ్బరు గట్టిది, వేడికి తట్టుకుంటుంది. అందుకే రోడ్డును పట్టుకోదు. దాంతో బయటికి వెళ్లకండి, తడి మలుపులో పడేస్తుంది. అప్పుడప్పుడు తొక్కేవాళ్లకు అరిగిన నున్నటి పాత టైరు చాలు, దారాలు బయటపడకుండా, కోతలు లేకుండా ఉంటే.

బిగింపులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ముందు గాలి సరిచూసి, టైరును తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఇసుక రేణువు మిగిలితే రోలరు గీసుకుపోతుంది. రోలరు తాకిన తర్వాత మరను సుమారు రెండు చుట్లు బిగించి, రోలరును ఒక చేత్తో పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పి చూడండి. టైరు జారితే ఇంకో పావు చుట్టు. జారనిస్తే టైరు కాలి మెరుపు తేలుతుంది, అతిగా బిగిస్తే వేడెక్కుతుంది. తొక్కడం అవగానే రోలరును వదులు చేయండి, లేకుంటే టైరులో నొక్కు పడుతుంది.

అపోహ: టైరుకు నూనె రాస్తే పగుళ్లు రావు.

నూనె, కిరోసిన్ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తాయి. పగుళ్లకు కారణం ఎండ, గాలిలోని ఓజోన్. నీడలో పెట్టండి, నెలలు వాడకపోతే గాలి దిగిన టైరు మీద బరువు లేకుండా సైకిలును వేలాడదీయండి. వెనక టైరు అరిగినప్పుడు ముందుదాన్ని వెనక్కి మార్చి కొత్తది ముందు వేయించండి. ముందు టైరు పేలితే హ్యాండిల్ నిలవదు.