చెయ్యి గుర్తు వెలిగితే కెమెరా పాడైనట్టు కాదు

దసరా వెళ్లిందంటే చాలు, విజయవాడ గవర్నర్‌పేటలోని మా స్టూడియోకి ఇదే సమస్యతో వస్తారు. రాత్రి ప్రకాశం బ్యారేజీ లైట్లు తీస్తుంటే తెర మీద చెయ్యి గుర్తు వెలిగి ఆరిందట, ఫొటోలన్నీ షేక్ అయ్యాయట. మొన్న ఒకావిడ, "బాబూ, మా అబ్బాయి కొనిచ్చిన కెమెరా. సర్వీసుకిస్తే డబ్బులు తీసుకున్నారు గానీ ఆ గుర్తు పోలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

అపోహ: ఆ గుర్తు వస్తే కెమెరాలో లోపం ఉన్నట్టే.

వాస్తవం: కెమెరా బాగానే ఉందమ్మా. వెలుతురు తక్కువైతే, దాన్ని లోపలికి వదిలే షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, అంతసేపు చేతులు కదలకుండా నిలవవు. ఆ గుర్తు చెప్పేది అదే. దానికి సర్వీసింగ్ ఏమిటి? ఎవరో చెప్పారని డబ్బు తగలేయకండి.

ఆవిడ కెమెరాలో ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి, 400 దగ్గర ఉంది, షట్టర్ 1/15 సెకను. ఐఎస్ఓ 3200 చేస్తే షట్టర్ 1/125కి వచ్చింది, గుర్తు పోయింది. మోచేతులు కౌంటర్ మీద ఆనించి గోడ క్యాలెండర్‌ని తీయమన్నాను. తిథుల చిన్నక్షరాలు కూడా చదవగలిగారు.

చేత్తో పట్టుకుని తీయడానికి మామూలు లెక్క ఇది: 50 ఎంఎం లెన్స్‌కి షట్టర్ వేగం కనీసం 1/50, 200 ఎంఎంకి 1/200. జూమ్ చేసేకొద్దీ వణుకూ పెరుగుతుంది.

ఐఎస్ఓ పెంచితే ఫొటో పాడవుతుందనే భయం ఇంకొకటి. మా అక్క పెళ్లిలో నాదీ అదే భయం. ముహూర్తం అర్ధరాత్రి, మండపంలో లైట్లు అంతంతమాత్రం. గుర్తు వెలుగుతున్నా 1/8లోనే తీశాను. తలంబ్రాల ఫొటోల్లో అక్క ముఖం ఒక్కదాంట్లోనూ స్పష్టంగా లేదు. గింజలు గింజలుగా నాయిస్ వచ్చినా ముఖం గుర్తుపడతాం. చెదిరిన ముఖాన్ని ఏ ఎడిటింగూ పూర్తిగా తిరిగి తేలేదు. ఆ ఆల్బమ్ చూసినప్పుడల్లా ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కెమెరాలో స్టెబిలైజేషన్ (వణుకు తగ్గించే ఏర్పాటు) ఉంటే ఏ ఫొటో షేక్ అవదంటారు. అది ఆపేది మన చేతి వణుకునే, పరుగెత్తే పిల్లాడిని కాదు. ఫొటోని పెద్దది చేసి చూడండి. దీపాలన్నీ ఒకే వైపు తోకల్లా సాగితే చెయ్యి కదిలింది. గోడ స్పష్టంగా ఉండి పిల్లాడే చెదిరితే వాడు కదిలాడు, 1/500 పెట్టండి.

మెగాపిక్సెళ్లు ఎక్కువున్నంత మాత్రాన షేక్ తగ్గదు. ట్రైపాడ్ ఉన్నా బటన్ నొక్కితే కెమెరా కదులుతుంది, 2 సెకన్ల టైమర్ పెట్టుకోండి. ఫొటో అంతా మసకగా ఉంటే మాత్రం ముందు లెన్స్ మీద వేలిముద్ర ఉందేమో చూసి, మెత్తటి గుడ్డతో తుడవండి.