వెలుగు పరీక్ష ఉండగా ముక్క తీయడమెందుకు?

బెంగళూరులో ఎండోస్కోపీ ఫైబర్ ప్రోబులు, అంటే ఒంట్లోకి కాంతిని పంపే సన్నని గాజు తీగల పరికరాలు, తయారుచేసే పని నాది. హిందూపురం, అనంతపురం వైపు నుంచి ఇక్కడి ఆసుపత్రులకు వచ్చేవాళ్లు ఎవరో ఒకరి ద్వారా నా నంబరు పట్టుకుని అడిగేది ఒకటే: "సార్, మీ లేజర్ పరీక్షలో లోపలంతా కనిపిస్తుందట కదా, ఇక ముక్క తీసే బయాప్సీ ఎందుకు?"

లోపలంతా కనిపించదు. ఓసీటీ అనే ఈ వెలుగు పరీక్షలో 1300 నానోమీటర్ల పరారుణ కాంతిని ఫైబర్ గుండా పంపి, తిరిగొచ్చిన కాంతితో పొరల చిత్రం గీస్తాం. 10-15 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వివరం కూడా తెలుస్తుంది. కానీ కణజాలంలో కాంతి చెదిరిపోతుంది కాబట్టి ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి చూడలేం. ఫైబర్‌ను ఎంత మెరుగుపరిచినా ఈ హద్దు పెద్దగా జరగదు. అడ్డు ఫైబర్‌లో లేదు, ఒంట్లో ఉంది. కణాలను చూపే కాన్ఫోకల్ పద్ధతికైతే పావు మిల్లీమీటరుకు మించి లోతు అందదు. ముక్క ఎక్కడ తీయాలో మా చిత్రం చూపగలదు. దాన్ని పలుచగా కోసి, రంగులద్ది, రోగం ఏమిటో తేల్చవలసింది పాథాలజిస్టే.

ఈమధ్య ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. తండ్రికి అన్నవాహికలో పుండు. ముక్క తీస్తే పాకుతుందని ఊళ్లో ఎవరో అన్నారట, ఆ మాట నమ్మి నెలలు గడిపేశారు. అప్పటికే ఆయనకు అన్నం దిగడం లేదు, గంజితో నెట్టుకొస్తున్నారు. భయపడ్డ కొడుకును ఏమనగలం? ఆ పుకారు మోసేవాళ్లను మాత్రం నిలదీయాలనిపిస్తుంది. "బాబూ, తీసేది బియ్యపు గింజంత కూడా ఉండదు. దానివల్ల పుండు పాకుతుందనడానికి ఆధారం లేదు. క్యాన్సరే అయితే పాకేది ఆలస్యం వల్ల" అన్నాను. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

జనం అడిగే మిగతా సందేహాలకు చకచకా చెప్పేస్తాను. లేజర్ కాల్చదు, ఆ కాంతి మిల్లీవాట్లలోనే ఉంటుంది. రేడియేషన్ కూడా లేదు. గుండె రక్తనాళాల్లో వాడినప్పుడు ఆంజియోగ్రామ్ ఎక్స్‌రే, కాంట్రాస్ట్ మందు వేరే లెక్క. కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పండి. గాజు లోపల విరుగుతుందా? పూత ఒలిచిన ఫైబర్ నా బల్ల మీద గోరు తగిలినా విరుగుతుంది, నిజమే. ఒంట్లోకి పంపే సన్నని గొట్టం, క్యాథెటర్‌లో మాత్రం అది పూతతో, తొడుగు లోపల ఉంటుంది.

"ఇంటర్నెట్ తీగే కదా" అనేవాళ్ల మాట సగం నిజం. ఓసీటీకి చాలాసార్లు ఆ రకం సింగిల్‌మోడ్ ఫైబరే (కాంతి ఒకే తీరులో సాగేది) వాడతాం. ఫ్లోరసెన్స్, అంటే కాంతి పడ్డాక కణజాలం వెదజల్లే మసక వెలుగు, కూడా కావాలంటే డబుల్‌క్లాడ్ ఫైబర్ వాడతాం: నడుమ కోర్ కాంతిని పంపుతుంది, చుట్టూ ఉన్న పొర ఆ మసక వెలుగును పోగుచేస్తుంది. ఇక కాంతి అనేక దారుల్లో సాగే, వెంట్రుకంత మల్టీమోడ్ ఫైబర్ ఒక్కదానితోనే బొమ్మ తీయడం ఇంకా చాలావరకు ప్రయోగశాలల్లోనే ఉంది, ఎందుకంటే ఫైబర్ కాస్త వంగితే చాలు, బొమ్మ చెదిరిపోతుంది.