అడిగితేనే తిరిగొచ్చే పన్ను

బ్రిటన్‌లో 1991 ఏప్రిల్ దాకా ఒక విచిత్రమైన లెక్క నడిచింది. పన్ను కట్టక్కర్లేనంత చిన్న ఆదాయం ఉన్న పెద్దావిడ నాలుగు పౌండ్లు దాచుకున్నా, ఆ వడ్డీలోంచి పన్ను ముందే పోయేది. తర్వాత అడిగి తెచ్చుకుందామన్నా దారి లేదు.

దీని మొదలు 1894లో ఉంది. ఇళ్లకు అప్పులిచ్చే బిల్డింగ్ సొసైటీల్లో చిన్న చిన్న ఖాతాలు బోలెడు. ఒక్కొక్కరి లెక్కా తీయడం పన్ను శాఖకు తలనొప్పి. అందుకని డిపాజిటర్లలో పన్ను కట్టాల్సినవాళ్లనీ అక్కర్లేనివాళ్లనీ కలిపి సగటున ఒక రేటు వేసే పద్ధతి వచ్చింది. కాంపోజిట్ రేటు అనేవారు దాన్ని. 1985లో ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ దాన్ని బ్యాంకులకూ వర్తింపజేశారు. 1990-91లో మామూలు పన్ను 25 శాతం, ఈ సగటు రేటు 22 శాతం. అంటే పన్ను కట్టాల్సినవాడికి మూడు శాతం మిగిలింది. అది ఎవరి జేబులోంచి వచ్చిందో వేరే చెప్పాలా? కట్టక్కర్లేనివాళ్ల జేబులోంచే.

దీన్ని కదిలించినవాటిలో పెళ్లయిన ఆడవాళ్ల విషయం ఒకటి. 1990 ఏప్రిల్ దాకా పన్ను చట్టం దృష్టిలో భార్య ఆదాయం భర్త ఆదాయమే. ఆ నెల నుంచి ఎవరి పన్ను వారిదైంది, ఉద్యోగం లేని భార్యకూ సొంత మినహాయింపు వచ్చింది. కానీ ఆమె డిపాజిట్ వడ్డీలో కోత ఆగకపోతే ఆ మినహాయింపు ఏం చేసుకోను? ఆ ఏడాది బడ్జెట్‌లోనే అప్పటి ఆర్థిక మంత్రి జాన్ మేజర్ కాంపోజిట్ రేటు రద్దు ప్రకటించారు.

1991 నుంచి ఆర్85 అనే ఫారం ఇస్తే బ్యాంకు పన్ను కోయకుండా వడ్డీ ఇచ్చేది. మన బ్యాంకుల్లో టీడీఎస్ పట్టుకోకుండా 15జీ, 15హెచ్ ఇచ్చినవాళ్లకి ఇది తెలిసిన తంతే. ఆర్85 ఇవ్వకపోతే కోత పడేది, ఆర్40 అనే ఇంకో ఫారం నింపి వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చేది. చిక్కేమిటంటే, ఈ ఫారాలు అవసరమైంది పన్ను ఆఫీసుతో ఎప్పుడూ పని పడనివాళ్లకి. పాతికేళ్లు ఇలాగే గడిచింది.

2016 ఏప్రిల్‌లో బ్యాంకుల కోత ఆగింది. మామూలు రేటు పరిధిలో ఉన్నవాళ్లకు ఏడాదికి 1,000 పౌండ్ల వడ్డీ దాకా పన్ను లేదు. దీని గురించి చాలామందికి తెలుసు. అంతగా ఎవరూ మాట్లాడనిది 2015లో వచ్చిన ఇంకో సౌకర్యం: తక్కువ జీతగాళ్లకు మరో 5,000 పౌండ్ల వడ్డీ దాకా సున్నా రేటు. జీతం 12,570 పౌండ్ల మినహాయింపు దాటిన కొద్దీ, దాటినంత మేర ఈ 5,000 తగ్గుతుంది. జీతం 14,000 అనుకుందాం. దాటింది 1,430, మిగిలిన పరిధి 3,570. వడ్డీ 2,500 వచ్చినా పన్ను ఒక్క పెన్నీ లేదు.

మరి గొడవ తీరినట్టేనా? ఫారం పోయింది కానీ అంచనా పోలేదు, టాక్స్ కోడ్‌లోకి వెళ్లింది. 1944లో, యుద్ధకాలంలో, జీతంలోంచే పన్ను పట్టే పీఏవైఈ (పే యాజ్ యు ఎర్న్) పద్ధతి మొదలైంది. ఎంతవరకు పన్ను లేదో యజమానికి చెప్పేదే కోడ్. ఇప్పటి మామూలు కోడ్ 1257ఎల్ అంటే 12,570 పౌండ్ల దాకా పన్ను లేదని. బ్యాంకులు వడ్డీ వివరాలు పంపుతాయి, పన్ను శాఖ పాత అంకెలు చూసి ఈ ఏటి వడ్డీని ఊహించి, పన్ను పడుతుందనిపిస్తే కోడ్ తగ్గిస్తుంది. ఈలోపు కూతురి పెళ్లికి డిపాజిట్ తీసేసినా కోడ్‌కి ఆ సంగతి తెలియదు, మనం చెప్పాలి.

రెండు చిన్న ఉద్యోగాలు చేసేవాళ్లకి దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఒకచోట 7,000, మరోచోట 6,000 వస్తే మొత్తం మీద కట్టాల్సింది 86 పౌండ్లే. రెండో ఉద్యోగానికి బీఆర్ కోడ్ పడితే మొదటి పౌండ్ నుంచే 20 శాతం, అంటే 1,200 పోతుంది. మినహాయింపును రెండు ఉద్యోగాలకూ పంచమని అడగొచ్చు, అడగాలని తెలిస్తే.

చదువుకోడానికి వెళ్లి పార్ట్‌టైం చేసే మన పిల్లలకూ ఇది కొత్త కాదు. ఏడాది మధ్యలో చేరితే చివర ఎం1 ఉండే ఎమర్జెన్సీ కోడ్ పడొచ్చు. అది ఏ నెలకా నెలే లెక్క, ముందు నెలల్లో వాడుకోని మినహాయింపు కలవదు. చేరినప్పుడు ఇచ్చే స్టార్టర్ చెక్‌లిస్ట్ నింపకపోతే 0టీ పడుతుంది, అప్పుడు మినహాయింపే లేదు. స్లిప్పు చూసి టెన్షన్ పడేకన్నా పన్ను శాఖ ఆన్‌లైన్ ఖాతాలో కోడ్ సరిచేయించుకోవడం మేలు. దేశం వదిలి వచ్చేస్తుంటే పీ85 నింపి రీఫండ్ అడగొచ్చు. ఇదంతా ఉచితం, కమీషన్ తీసుకునే ఏజెంట్లు అక్కర్లేదు.

కోడ్‌ల తప్పు ఎంత పెద్దదో 2010 సెప్టెంబర్‌లో బయటపడింది. కొత్త కంప్యూటర్ వ్యవస్థలో లెక్కలు సరిపోల్చితే సుమారు 43 లక్షల మంది ఎక్కువ కట్టారు, 14 లక్షల మంది తక్కువ కట్టారు. ఎక్కువ కట్టింది తిరిగి అడగడానికి అంతకుముందు దాదాపు ఆరేళ్ల గడువుండేది. దాన్ని నాలుగేళ్లకు కుదించే నిబంధన అమల్లోకొచ్చింది కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లోనే.