దాన్ని ఎవరు నడుపుతున్నరు సార్?

2023 ఆగస్టు 23 సాయంత్రం మా ఊరి హైస్కూల్లో పిల్లల్ని ఇంటికి పంపలేదు. చంద్రయాన్-3 దిగడం చూపిద్దామని పెద్ద గదిలో టీవీ పెట్టాం. తెర మీద ఒక వంపు గీత, దాని మీద జారుతున్న చుక్క. మధ్యమధ్యలో బెంగళూరు కంట్రోల్ రూమ్. అక్కడ ఒక్కరి చేయీ కదలడం లేదు, అందరి కళ్లూ తెర మీదే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె లేచి, "సార్, అందరు చూసుడే ఉన్నది. మరి దాన్ని ఎవరు నడుపుతున్నరు?" అని అడిగింది.

"ఎవరూ నడపట్లేదమ్మా, అదే చూసుకుంటది" అన్నాను. ఆ జవాబు నాకే నచ్చలేదు. దేవుడే చూసుకుంటాడు అన్నట్టే ఉంది. మర్నాడు ఒక మీటరు పొడుగు కర్ర పట్టుకుని బడికి పోయాను.

రాకెట్ పైకి ఎందుకు లేస్తుంది, న్యూటన్ మూడో సూత్రం ఏమంటుంది లాంటివి పుస్తకంలో ఉన్నాయి. చెప్పీ చెప్పీ నాకే విసుగు. లేచిన రాకెట్ పక్కకు ఎందుకు పడిపోదు అన్నది మాత్రం పుస్తకంలో లేదు. అసలు సంగతి అదే.

కర్రను అరచేతిలో నిలువుగా నిలబెట్టి చూడండి. అది ఏ క్షణంలోనూ ఊరికే నిలబడి ఉండదు. పడుతూనే ఉంటుంది, మీరు దాని కిందికి చేయి జరుపుతూనే ఉంటారు. కుడికి వాలితే చేయి కుడికి, ఎడమకు వాలితే ఎడమకు. ఊర్లకు ఆట కట్టేవాళ్లు వచ్చినప్పుడు పొడవాటి బొంగును నిలబెట్టి, కొసన చిన్నపిల్లను ఎక్కించడం చాలామంది చూసే ఉంటారు. అంత పెద్ద బొంగు నిలుస్తుంది గానీ అదే మనిషి అరచేతిలో పెన్సిల్ నిలవదు. క్లాసులో ఎవరిచేతా కాలేదు, నాతో కూడా కాలేదు. ఎందుకు?

సన్నటి కర్రకు దాని పొడుగును బట్టి ఒక కాలం ఉంటుంది. పొడుగును రెండుతో హెచ్చించి, గురుత్వ త్వరణానికి మూడు రెట్లతో భాగించి, వర్గమూలం తీస్తే అది వస్తుంది. అంతసేపట్లో కర్ర వాలు సుమారు 2.7 రెట్లవుతుంది. మీటరు కర్రకు అది 0.26 సెకను. 18 సెంటీమీటర్ల పెన్సిల్‌కు 0.11 సెకను. 4 మీటర్ల బొంగుకు 0.52 సెకను. ఇక మన సంగతి చూద్దాం. కంటితో చూసి చేయి కదపడానికి మనిషికి దాదాపు 0.2 సెకను పడుతుంది. ఆ లోపల బొంగు వాలు ఒకటిన్నర రెట్లే అవుతుంది. మీటరు కర్రది రెట్టింపు దాటుతుంది. పెన్సిల్‌దైతే ఆరు రెట్లు! మనం కదిలేసరికే దాని పని అయిపోతుంది. అంటే బలం కాదు, ఆలస్యం ఎంతన్నదే లెక్క.

ఈ ఆలస్యాన్ని చంద్రుడి దాకా తీసుకుపోదాం. ఇక్కడి నుంచి సిగ్నల్ అక్కడికి చేరడానికి దాదాపు 1.3 సెకన్లు, పోయి రావడానికి 2.6. దిగడం మొదలైనప్పుడు విక్రమ్ ల్యాండర్ వేగం సెకనుకు 1.68 కిలోమీటర్లు. అది ఏం చేస్తోందో మనం చూసి, "కొంచెం ఎడమకు" అని చెప్పి, ఆ మాట అక్కడికి చేరేలోపు అది 4 కిలోమీటర్లు దాటిపోతుంది. నల్గొండ గడియారం సెంటర్ దగ్గర మలుపు కనబడితే, ఇంచుమించు పానగల్ కాడికి పోయాక హ్యాండిల్ తిప్పినట్టు. అందుకే బెంగళూరులో ఎవరి చేయీ కదల్లేదు. కదిలించినా లాభం లేదు.

కర్ర పడకుండా ఉండాలంటే చేతికి ఏం తెలిసి ఉండాలి? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, లెక్క చిక్కగా ఉంటుంది. మొదటిది, ఎంత వాలిందో తెలియాలి. వాలు ఎక్కువైతే చేయి ఎక్కువ జరగాలి. కానీ ఆ ఒక్కటే చూసే చేయి కర్రను నిటారుగా తెచ్చి అక్కడ ఆపలేదు. అవతలి వైపుకు తోసేస్తుంది, మళ్లీ ఇవతలికి, ఊపు పెరిగి చివరికి పడుతుంది. రెండోది, ఎంత వేగంగా వాలుతోందో తెలియాలి. కర్ర నిటారుకు వస్తున్నప్పుడే చేయి వెనక్కి తగ్గాలి. ఆటవాళ్లు అడుగున చూడకుండా బొంగు కొస వైపే చూసేది ఇందుకే. వేగం కొసన బాగా కనిపిస్తుంది. మూడోది, చాలాసేపటి నుంచి ఒకే వైపు తప్పు జరుగుతోందా అన్న గుర్తు. హ్యాండిల్ కొంచెం వంకరపోయిన సైకిల్ తొక్కేవాడు తనకు తెలియకుండానే ఎప్పుడూ కొంచెం అవతలికి పట్టి ఉంచుతాడు. అదే ఇది. పైన గాలి ఒకే దిక్కు నుంచి తోస్తుంటే, ఇంజిన్ వెంట్రుకవాసి వంకరగా అమరితే, ఈ మూడోదే కాపాడుతుంది. ఇప్పటి వాలు, వాలే వేగం, కూడిన తప్పు. వీటిలో దేనికెంత విలువ ఇవ్వాలన్నదే ఆటోపైలట్. ఆ విలువలూ స్థిరంగా ఉండవు. ఇంధనం కాలి రాకెట్ తేలికవుతూ పోతుంది కాబట్టి మొదట సరిపోయిన తోపు తర్వాత ఎక్కువవుతుంది. ప్రయాణం పొడుగునా వాటిని మారుస్తూ పోవాలి.

రాకెట్‌కు చేయి ఎక్కడుంది అని ఒక పిల్లవాడు అడిగాడు. అడుగున. కొన్నిట్లో ఇంజిన్‌నే కొంచెం అటూ ఇటూ తిప్పుతారు, కొన్నిట్లో మంట బయటికొచ్చే మూతిని, అంటే నాజిల్‌ను, వంచుతారు. మన ఇస్రో రాకెట్ పీఎస్ఎల్వీ మొదటి దశలో నాజిల్ లోపలికి పక్కనుంచి ఒక ద్రవాన్ని చిమ్మి మంటనే పక్కకు మళ్లిస్తారు. ఇది నాకు భలే ఇష్టం.

కర్ర పోలిక ఒకచోట కుంటుతుంది, చెప్పకపోతే తప్పు. అరచేతిలో కర్ర భూమి ఆకర్షణ వల్ల వాలుతుంది. గాలిలోకి లేచిన రాకెట్‌ను భూమి అలా వాల్చదు. దాని ప్రతి ముక్కనూ ఒకేలా లాగుతుంది కాబట్టి తిప్పే బలం రాదు. వాల్చేది గాలి, ముక్కు దగ్గర పట్టుకుని తోస్తుంది. ఈ తేడా తెలియక గొప్పవాళ్లే తప్పులో కాలేశారు. 1926 మార్చి 16న అమెరికా శాస్త్రవేత్త గాడర్డ్ ఎగరేసిన మొదటి ద్రవ ఇంధన రాకెట్‌కు ఇంజిన్ పైనుంది. వేలాడే లోలకంలా నిటారుగా ఉంటుందనుకున్నాడాయన. అలా ఉండదు. తర్వాత ఇంజిన్ కిందికి దిగింది, గిర్రున తిరుగుతూ దిక్కు చూపించే గైరోస్కోప్‌లు వచ్చాయి.

అరచేయి అంటే ఇంకొకటి గుర్తొస్తుంది. మా దిక్కున బోరు వేసే ముందు పాయింట్ చూపించుకుంటారు కదా. చూసేటాయన అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిలబడుతుందంటారు. నా చిన్నప్పుడు మా చేన్లోనూ నిలబడింది. నాయిన అక్కడ రాయి పెట్టించి, ఊదుబత్తీలు ముట్టించాడు. బోరు బండి రాత్రంతా మోగింది. పొద్దుటికి చూస్తే చెట్ల మీద, గొడ్ల మీద, మా అందరి తలల మీద తెల్లటి రాతి పొడి. నీళ్లు లేవు. ఆ అప్పు నేను డిగ్రీకి వచ్చేదాకా తీరలేదు. ఆయన మోసగాడని మాత్రం నేననను. పడిపోయే అంచున ఉన్న వస్తువు చేతిలో ఉంటే, మనసులో అనుకున్నది మనకు తెలియకుండానే వేళ్లలోకి దిగుతుంది. కాయ లేవడానికి ఆ మాత్రం చాలు. దీనికి 1852లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం కార్పెంటర్ ఐడియోమోటర్ అని పేరు పెట్టాడు. సరిగ్గా అదే ఏడాది పారిస్‌లో ఫూకో అనే శాస్త్రవేత్త తన యంత్రానికి గైరోస్కోప్ అని పేరు పెట్టాడు. ఒకటి మన నమ్మకాన్ని బట్టి కదిలే చేయి, ఇంకొకటి ఎవరేం నమ్మినా తన దిక్కు వదలని చక్రం. నవ్వు వచ్చే సంగతేమిటంటే, పీఎస్ఎల్వీ వరుసలో సీ-12 తర్వాత వచ్చింది సీ-14. పదమూడు మంచిది కాదన్న నమ్మకం రాకెట్ల దాకా పోయిందేమో!

చేతికి సమాచారం సరిగా అందకపోతే ఎంత నేర్పున్నా దండగే. 2013 జులై 2న బైకనూర్ నుంచి లేచిన రష్యా ప్రోటాన్ రాకెట్ కొన్ని క్షణాల్లోనే పక్కకు తిరిగి, తలకిందులై, మంటలతో నేల మీద పడింది. ఎంత వేగంగా తిరుగుతున్నామో చెప్పే సెన్సర్లను కొన్నిటిని తలకిందులుగా బిగించారు. ఎటు పైకి ఉండాలో వాటి మీద బాణం గుర్తు ఉంది కూడా. రాకెట్ కుడికి వాలితే సెన్సర్ ఎడమ అంది. చేయి నమ్మి ఎడమకు జరిగింది, వాలు ఇంకా పెరిగింది. కంప్యూటర్ తన పని తాను చక్కగా చేసింది. మీటరు కర్రతో క్లాసులో ఇది చేసి చూపించాను, కావాలని ఎదురు దిక్కుకు చేయి జరిపి. అర సెకనులో బల్ల మీద పడింది.

నీళ్ల బిందె మోసిన అమ్మలకు ఇంకో చిక్కు తెలుసు. నిండా ఉన్న బిందె కంటే కొంచెం వెలితి ఉన్నదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. లోపలి నీళ్లు ఒక లయలో ఊగుతాయి, నడక ఆ లయకు కలిసిందా తొణికి మీద పడతాయి. వెడల్పు గిన్నెలైతే పైన నాలుగు ఆకులు వేసేవాళ్లు. రాకెట్ ట్యాంకుల్లోనూ ఇదే కథ. 2007 మార్చి 21న స్పేస్‌ఎక్స్ కంపెనీ ఫాల్కన్-1 రాకెట్ రెండో ప్రయోగంలో పై దశ ట్యాంకులో ద్రవ ఆక్సిజన్ ఊగి ఊగి అదుపు తప్పింది, రాకెట్ కక్ష్యకు చేరలేదు. ఆ ఊపును అణచడానికి ట్యాంకు లోపల పెట్టే అడ్డుపలకలు దానికి లేవు. ఆకులు వేయలేదన్నమాట! దీనికి తోడు రాకెట్ గట్టి కట్టె కాదు, పచ్చి బరిక లాంటిది. 44 మీటర్ల పీఎస్ఎల్వీ లావు 2.8 మీటర్లే. అది ఎగురుతూ కొంచెం వంగుతుంది, వణుకుతుంది. ఆ వణుకును చూసి మొత్తం రాకెట్ తిరిగిందనుకుని ఆటోపైలట్ సరిదిద్దబోతే వణుకు ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ వణుకు ఏ లయలో ఉంటుందో ముందే లెక్కగట్టి, ఆ లయలో వచ్చే మాటను వినకుండా ఆటోపైలట్‌కు చెవులు మూస్తారు.

నిటారుగా ఉండటం సరే, ఎక్కడున్నామో ఎలా తెలుస్తుంది? మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సులో కళ్లు మూసుకుని కూర్చోండి. బస్సు ముందుకు తోసినప్పుడు సీటు వీపుకు తగులుతుంది, బ్రేకు వేస్తే ముందుకు తూలుతారు. ఆ తోపులన్నీ కూడితే వేగం, వేగాలన్నీ కూడితే దూరం. యాక్సిలరోమీటర్ చేసేది ఇదే. చిక్కేమిటంటే రెండుసార్లు కూడేసరికి చిన్న తప్పు కొండంత అవుతుంది. తోపు కొలవడంలో గురుత్వంలో వెయ్యో వంతు తప్పు ఉందనుకోండి, 10 నిమిషాల్లో 1,700 మీటర్లకు పైగా తేడా వస్తుంది. మరి బస్సులో మీరేం చేస్తారు? జడ్చర్ల దగ్గర హైవే ఎక్కే మలుపు తగలగానే "ఓహో ఇక్కడికొచ్చాం" అని లెక్క సరిచేసుకుంటారు. అయితే ఆ మలుపు జడ్చర్లదేనా, ఇంకేదైనా సందా? మీ లెక్క మీద ఎంత నమ్మకం, తగిలిన ఆనవాలు మీద ఎంత నమ్మకం, దాన్ని బట్టి రెంటి మధ్య ఒకచోట ఆగుతారు. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ రాసిన గణితం సరిగ్గా ఇదే. ఎవరి మాట ఎంత వినాలో ప్రతి క్షణం తిరిగి తేల్చే లెక్క. అపోలో నావిగేషన్‌లో అది పనికొచ్చింది, ఇప్పుడు మన ఫోన్లలోనూ ఉంది. నన్నడిగితే అంతరిక్ష యంత్రాల తెలివి అనేది మొదలయ్యేది ఇక్కడే. ఈ మధ్య ప్రతిదానికీ ఏఐ అని పేరు తగిలిస్తున్నారు గానీ, తన మాటను తానే అనుమానించే ఈ లెక్క ముందు అందులో చాలావరకు హడావిడే.

2019లో చంద్రయాన్-2 ఓడింది ఈ కూడిన తప్పుల దగ్గరే. 2023లో ఇస్రో ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ చెప్పిన కారణాలు ఇవి. ఇంజిన్ల తోపు అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చింది. దాంతో పుట్టిన తప్పులు పోగుపడ్డాయి. ల్యాండర్ కదలకుండా ఫొటోలు తీసుకోవాల్సిన దశలో వాటిని సరిచేయకుండా తర్వాతికి వాయిదా వేసింది. చివరికి గబగబా తిరగాల్సి వచ్చినప్పుడు, తిరిగే వేగానికి సాఫ్ట్‌వేర్‌లో పెట్టిన హద్దు అడ్డొచ్చింది. దిగాల్సిన చోటు చూస్తే 500 మీటర్లు పొడుగు, 500 వెడల్పు. మొదటి క్షణంలో వేలితో ఆపగలిగిన కర్రను నడుం ఎత్తున పడిపోయాక పట్టుకోబోయినట్టు అయింది. చంద్రయాన్-3కి దిగే చోటును 4 కిలోమీటర్లు, 2.4 కిలోమీటర్లకు పెంచారు. వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరాన్ని చేర్చారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో నేలను తాకినా తట్టుకునేలా కాళ్లు గట్టిపరిచారు. సాయంత్రం 6:04కి అది దిగింది. మా గదిలో పిల్లలు బెంచీలెక్కి అరిచారు. హెడ్మాస్టర్ గారు కూడా ఎక్కారు, దిగడానికే కష్టపడ్డారు.

సెప్టెంబర్ 3న విక్రమ్ ఇంకో పని చేసింది. ఇంజిన్లు మళ్లీ వెలిగించి, సుమారు 40 సెంటీమీటర్లు లేచి, 30-40 సెంటీమీటర్లు పక్కకు జరిగి దిగింది. బడిలో స్కేలుతో కొలిచి చూస్తే మా క్లాసు బెంచీ ఎత్తు. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి వార్త విని, మూలన ఉన్న కర్ర తెచ్చి అరచేతిలో నిలబెట్టుకుంది. అలాగే పట్టుకుని నెమ్మదిగా బెంచీ మీదికి ఎక్కబోయింది. రెండుసార్లు కర్ర పడిపోయింది. మూడోసారి ఎక్కింది.

"సార్, కాలు చూస్తే పడుతుంది. కొసనే చూడాలె" అంది, కళ్లు దించకుండా.